ఆటపాఠాల నాన్న

ఆటపాఠాల నాన్న అంటే, పిల్లలు ఏ ఆట ఆడుతున్నా అందులోని పాఠాన్ని బయటికి లాగి చూపించందే ఊరుకోని తండ్రి. వయసు ముప్ఫై దాటి నలభై నిండి ఉండదు. నెలజీతం ఉద్యోగం, రెండు పడకగదుల ఫ్లాటు, హాల్లో గోడకి అక్షరమాల చార్టు ఉంటాయి. మియాపూర్, మణికొండ, మధురవాడ వైపు ఎక్కువగా కనిపించినా, జిల్లా కేంద్రాల్లోనూ ఇప్పుడు కొరతేమీ లేదు. అమ్మల్లో ఇలాంటివాళ్లు లేరని కాదు. అయితే అమ్మకి పిల్లలతో స్నానాల దగ్గర, అన్నాల దగ్గర, నిద్ర దగ్గర ఎలాగూ పని పడుతూనే ఉంటుంది కాబట్టి తొందర ఉండదు. నాన్నకి దొరికేది సాయంత్రం రెండు గంటలు, ఆదివారం ఒక పూట. రంగులు, ఆకారాలు, అంకెలు, సౌరకుటుంబం అన్నీ ఆ కాస్తలోనే పూర్తికావాలి.

వెనకటి తరంలో ఈ రకం మనిషి లేడు. ఇతని తండ్రి, కొడుకు ఏ తరగతి అని ఎవరైనా అడిగితే వంటింటి వైపు తిరిగి, "ఏమేవ్, వీడేం చదువుతున్నాడు?" అని కనుక్కుని చెప్పేవాడు. పిల్లల ఆటల సంగతి ఆయన దాకా వచ్చేది కిటికీ అద్దం పగిలినప్పుడే. ఆ లెక్కన, ఆఫీసు నుంచి రాగానే నేల మీద బాసింపట్టు వేసుకుని చెక్కముక్కలు పేర్చే నాన్న నిస్సందేహంగా మెరుగు. ఈ మాట ముందే ఒప్పుకోవడం మంచిది. ఇక ముందు చెప్పబోయేవి విన్నాక ఒప్పుకోవడం కష్టం.

ఇతను నమ్మే సిద్ధాంతంలో వంక పెట్టడానికేమీ లేదు. ఆటే చిన్నపిల్లల చదువు అన్న ఆలోచనకి రెండు వందల ఏళ్లు నిండవస్తున్నాయి. జర్మనీలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో పసిపిల్లల కోసం బడి తెరిచి, ఉన్ని బంతులు, చెక్క ఘనాలు చేతికిచ్చి ఆడుకోమన్నాడు. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలో తొలి బాలల గృహం ప్రారంభించింది. 1939లో మద్రాసు అడయారుకి వచ్చి మన దేశపు ఉపాధ్యాయులకి శిక్షణ ఇచ్చింది. గుజరాత్‌లో గిజుభాయి బధేకా వకీలు వృత్తి వదిలి, 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టాడు. 2020 నాటి జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకూ పునాది దశ అని, ఆ వయసులో ఆటల ద్వారా నేర్పాలని చెప్పింది. 2023లో కేంద్ర ప్రభుత్వం బొమ్మలు, పజిళ్లు, కథల పుస్తకాలతో 'జాదుయీ పిటారా' అనే పెట్టెను కూడా విడుదల చేసింది. ఈ పెద్దలందరి బోధలో మొదటి సగాన్ని ఆటపాఠాల నాన్న తు.చ. తప్పకుండా పాటిస్తాడు. పిల్లల చేతికి వస్తువులివ్వండి అన్నది ఆ సగం. ఇచ్చాక మీరు కాస్త పక్కకి తప్పుకోండి అన్నది రెండో సగం.

వస్తువుల విషయంలో లోటు చెయ్యడు. అయస్కాంతపు పలకలు, పూసల చట్రం, గ్లోబు, బుల్లి మైక్రోస్కోపు వరసగా దిగుతాయి. డబ్బా మీద 'ఐదేళ్లు పైబడినవారికి' అని ఉంటే మూడేళ్లకే కొనడం రివాజు. ప్లాస్టిక్ మంచిది కాదని పేపర్లో చదివిన వారం ఏటికొప్పాక లక్క బొమ్మలు వస్తాయి. వీటిని అంకుడు కర్రతో చేస్తారని, లక్కలో చెట్ల నుంచి తీసిన రంగులు కలిపి పూస్తారని, 2017లో భౌగోళిక గుర్తింపు దక్కిందని చెప్పడం పూర్తయ్యాకే బొంగరం పిల్ల చేతికి వస్తుంది. అప్పటికి పిల్ల నిద్రపోయి ఉంటుంది.

అన్నిటికంటే విలువైన ఆస్తి ఫ్లాష్ కార్డులు. దేశాలు, రాజధానుల కట్ట చుట్టాలు వచ్చినప్పుడు బయటికి వస్తుంది. కజకిస్తాన్ రాజధాని ఏదో నాలుగేళ్ల పిల్ల తడుముకోకుండా చెబుతుంది. వీధి చివరి కిరాణా కొట్టు ఎటువైపో మాత్రం చెప్పలేదు. ఆ దేశం 2019లో అస్తానా పేరును నూర్‌సుల్తాన్ అని మార్చి, 2022లో మళ్లీ అస్తానాయే అనడంతో, పెద్దపిల్లలున్న నాన్నలు కార్డును రెండుసార్లు దిద్దుకోవాల్సి వచ్చింది. రాష్ట్రాల కట్టలోని ఆంధ్రప్రదేశ్ కార్డును మాత్రం కొన్నేళ్లపాటు పెట్టె అడుగునే ఉంచారు. వచ్చిన చుట్టాల్లో ఎవరిది ఏ పార్టీయో ముందే తెలియదు కదా.

ఇతని బోధనాపద్ధతి మొత్తం ఒక్క ప్రశ్నలో ఇమిడి ఉంది: "ఇదేంటో చెప్పు తల్లీ?" కంచంలో దోసె పడితే అది వృత్తం. మడిస్తే అర్ధవృత్తం, ఇంకో మడతకి పావు. ఎనిమిదో వంతు దాకా వచ్చేసరికి దోసె చల్లారి తుంచడానికి లొంగదు. మెట్లెక్కితే అంకెలు, దిగితే అవే అంకెలు వెనక నుంచి. అందుకని ఆ ఇంటి పిల్ల లిఫ్టు పనిచెయ్యాలని దేవుడికి దణ్ణం పెట్టుకుంటుంది. గోడ మీద బల్లిని చూసి పిల్ల కెవ్వుమని పరుగెడుతుంటే, "దానికి కాళ్లెన్నో చూశావా?" అంటూ వెనకాలే పరుగెత్తే మనిషి ఇతనే.

కథ చెప్పడమూ ఇదే తీరు. పేజీకి రెండు ప్రశ్నలు. రాజు ఎందుకు అడవికి వెళ్లాడు, అడవిలో ఏ జంతువులుంటాయి, వాటిలో మాంసాహారులేవి? పది నిమిషాల కథ ముప్పావు గంట నడిచాక, "నాన్నా, కథ ఎప్పుడు మొదలెడతావు?" అని పిల్ల అడుగుతుంది. చందమామ కథల్లో బేతాళుడు సైతం కథంతా సాంతం చెప్పి, చివర్లో చిక్కుముడి వేస్తాడు. విక్రమార్కుడు నోరు విప్పగానే మాయమవుతాడు. ఇక్కడ వరస మారుతుంది: జవాబు చెప్పేదీ పిల్లే, చెప్పగానే మాయమయ్యేదీ పిల్లే.

ఇతని ప్రయోగాల్లో పేరుమోసినది నీళ్ల ప్రయోగం. ఆదివారం ఉదయం బాల్కనీలో జరుగుతుంది. ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోస్తాడు. సమానమేనని పిల్ల ఒప్పుకుంటుంది. ఒక గ్లాసులోని నీళ్లను సన్నగా పొడుగ్గా ఉండే గ్లాసులోకి వంపుతాడు.

"ఇప్పుడు ఎందులో ఎక్కువున్నాయి తల్లీ?"

"పొడుగుదాంట్లో."

"నేనేమైనా కలిపానా?"

"లేదు."

"మరి?"

"పొడుగుదాంట్లోనే ఎక్కువున్నాయి."

స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జాఁ పియాజే పిల్లలతో ఇదే ప్రయోగం చేసి, సుమారు ఏడేళ్లు వచ్చేదాకా పిల్లలు మామూలుగా ఇలాగే చెబుతారని గత శతాబ్దంలోనే రాశాడు. ఆ సంగతి నాన్నకి తెలుసు. తెలుసు కనకనే తన పిల్ల ఐదేళ్లకే 'సమానం' అనాలని పట్టుదల. నీళ్లు వెనక్కి వంపుతాడు, మళ్లీ పోస్తాడు, మళ్లీ అడుగుతాడు. నాలుగోసారికి పిల్ల ఒక విషయం కనిపెడుతుంది. 'పొడుగుదాంట్లో' అన్నంతసేపూ నాన్న నీళ్లు వంపుతూనే ఉంటాడు. 'సమానం' అంటే "వెరీ గుడ్" అని గ్లాసులు లోపల పెట్టేస్తాడు. దాంతో మధ్యాహ్నం భోజనాల దాకా పొడుగు గ్లాసులోనే నీళ్లు ఎక్కువుంటాయి. బాల్కనీ తడిసి, కింది ఫ్లాటువాళ్లు తలెత్తి చూస్తారు. కారణానికీ ఫలితానికీ ఉన్న సంబంధాన్ని పిల్ల ఆ పూట క్షుణ్ణంగా నేర్చుకుంటుంది. పాఠ్యపుస్తకం నాన్న. పక్కింటి పిల్లవాడు మొదటిసారికే 'సమానం' అన్నాడని తెలిసిన రాత్రి మాత్రం నాన్నకి అన్నం సయించదు.

అదే ఇంట్లో అసలు చదువు వేరేచోట్ల సాగుతుంటుంది. వంటింట్లో అమ్మ పచ్చిబఠానీలు పోసి పిల్లని ఒలవమంటుంది. కాయ కొస నొక్కడం, పగిలాక బొటనవేలితో గింజలు దొర్లించడం, పుచ్చుగింజ ఏరి పక్కన పెట్టడం, మధ్యమధ్య నాలుగు నోట్లో వేసుకోవడం. చిన్నచేతుల వేళ్లకి ఇంతకన్నా మంచి సాధన లేదు. సరిగ్గా అప్పుడే నాన్న వచ్చి, వేళ్ల పట్టు పెంచే పూసల కిట్టుకి టైమయిందని పిల్లని లేవదీస్తాడు. "ఆ పూసలేవో రేపు గుచ్చించండి, నాకిప్పుడు బఠానీలు కావాలి" అని అమ్మ అంటుంది. పూసలు గుచ్చడం మొదలైన కాసేపటికి మంచం కింద పూసలు ఏరడం మొదలవుతుంది. అది నాన్న పని.

ఊరి నుంచి వచ్చిన నాయనమ్మది మరో బడి. సుద్దముక్కతో నేల మీద ఐదు వరసల్లో ఇరవై ఐదు గళ్లు గీసి, నాలుగు గవ్వలు తీస్తుంది. కాయలుగా తనకి చింతపిక్కలు, మనవరాలికి గాజుముక్కలు. ఒకటి, రెండు, మూడు ఎలాగూ పడతాయి. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగు గళ్లు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది గళ్లు. లెక్కలు నేర్పాలన్న ఉద్దేశం నాయనమ్మకి లేశమైనా లేదు. గెలవాలన్న ఉద్దేశం నిండుగా ఉంది. అందుకోసం దొంగాట ఆడటానికీ వెనకాడదు. మూడు పడితే నాలుగు గళ్లు జరుపుతుంది.

"నాయనమ్మా, దొంగాట! మూడే పడ్డాయి!"

"కళ్లు ఆనట్లేదే తల్లీ, పెద్దదాన్నయిపోయాను" అని పిక్కను ఒక గడి వెనక్కి పెడుతుంది. తర్వాతి పందేనికి అవే కళ్లు మూల గడిలోని గాజుముక్కను చూసి చంపేస్తాయి. ఇలాంటి ప్రత్యర్థితో ఆడాలంటే పడిన ప్రతి పందేన్నీ లెక్కపెట్టక తప్పదు. నెల తిరిగేసరికి ఎనిమిది పడితే కాయ ఏ గడికి చేరుతుందో పిల్ల వేలు పెట్టకుండానే చెబుతుంది. ఓపికగా చెప్పే గురువు కన్నా మోసం చేసే గురువు దగ్గర కూడిక త్వరగా వస్తుంది.

ఈ ప్రగతి చూసి నాన్న ఉండబట్టలేడు. గళ్ల పక్కన చతికిలబడి, "చూడు తల్లీ, నాలుగు గవ్వలు మొత్తం 16 రకాలుగా పడొచ్చు. అందులో రెండు పడేవి ఆరు, అష్టా పడేది ఒక్కటే. అందుకే..." అని అందుకుంటాడు. "ఒరేయ్, పందెం నీది కాదు, లే" అని నాయనమ్మ గదిమేలోపే పిల్ల బాల్కనీలోకి వెళ్లిపోతుంది. వారం తిరక్కుండా అదే ఆట చెక్కపలక మీద అచ్చయి, 'సంప్రదాయ గణితం' అన్న చిన్న పుస్తకంతో సహా పార్సిల్లో వస్తుంది. వామనగుంటలు, పులిజూదం కూడా అదే సెట్లో ఉంటాయి. పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు ఎందుకో పుస్తకంలో వివరణ ఉంటుంది. పులి తప్పిపోయి ఉంటుంది.

విదేశాల్లో ఉండే ఆటపాఠాల నాన్నకి ఒక బాధ్యత ఎక్కువ: తెలుగు. 2007లో మొదలైన మనబడి లాంటి తరగతులకి వారాంతంలో పిల్లని దింపి వస్తాడు. తక్కిన రోజులు తనే బడి. నాయనమ్మ అక్కడ వీడియో కాల్లో అందుబాటులో ఉంటుంది. గవ్వలు ఒక్కచోటే ఉంటాయి కాబట్టి ఇద్దరి పందేలూ తెనాలిలో ఆవిడే వేస్తుంది. కెమెరా వంటింటి వైపు తిరిగినప్పుడల్లా ఆవిడకి అష్టా పడుతుంది. దాని మీద వాదించాలంటే డాలస్‌లోని పిల్లకి తెలుగు రాక తప్పదు. ఆ వాదన కోసం నేర్చిన మాటలు ఏ చార్టులోనూ ఉండవు.

పిల్లలు ఈ నాన్నకి తొందరగానే అలవాటు పడతారు. కొందరు అడగక ముందే "త్రిభుజం" అనేసి ఆటలో పడతారు. అప్పుడప్పుడు అది నిజంగానే త్రిభుజం అవుతుంది. కొందరు ఎదురుప్రశ్నలకి దిగుతారు. చీకటి పొద్దున్న ఎక్కడికి వెళ్తుంది, చేపకి దాహం వేస్తుందా అని అడిగితే, నాన్న ఫోను పట్టుకుని బాత్రూములోకి వెళ్లి వస్తాడు. ఆ ఖాళీలో ఆట ముగుస్తుంది. తెలివైనవాళ్లు కొత్త బొమ్మ చూపించగానే, "ఇందులో ఏం నేర్చుకోవాలి?" అని ముందే తేల్చుకుంటారు. టీచరాట ఆడేటప్పుడు ఎలుగుబంటి బొమ్మను గోడకి ఆనించి, "ఇదేంటో చెప్పు తల్లీ? పర్లేదు, మళ్లీ ట్రై చెయ్యి" అనే పిల్ల గొంతులో నాన్న గొంతు అచ్చు దిగి ఉంటుంది.

ఈ దశ శాశ్వతం కాదు. మూడో తరగతికి వచ్చేసరికి బడిలో ఆటలు తగ్గి హోంవర్కు పెరుగుతుంది. పాఠాన్ని ఆటలో దాచాల్సిన అవసరం తీరిపోతుంది. ట్యూషన్ మాస్టారు వస్తాడు. ఫ్లాష్ కార్డులు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో సగం ధరకి అమ్మకానికి వెళ్తాయి. రెండో బిడ్డ ఉన్న ఇంట్లో మార్పు ఇంకా ముందే వస్తుంది. అప్పటికి నాన్న నడుము నేల మీద కూర్చోనివ్వదు. చార్టు సగం చిరిగి ఉంటుంది. రంగులు, ఆకారాలు, అంకెలు నేర్పే పనిని పెద్దపిల్ల తనంతట తానే తీసుకుంటుంది, నాన్న కన్నా కఠినంగా. రెండోవాడు ఎవరూ నేర్పకుండానే అన్నీ నేర్చుకున్నాడని చుట్టాలకి చెబుతారు.

ఖాళీ దొరికిన నాన్న ఒక్కోసారి అష్టాచెమ్మా గళ్ల దగ్గర స్టూలు వేసుకుని, తనూ ఓ చెయ్యి వేస్తాడు. ప్రశ్నలు అడగడు. మూడు పడితే నాలుగు గళ్లు జరుపుతాడు, పిల్లలు అరిస్తే కళ్లజోడు తుడుచుకుంటాడు. అతను నిజంగా ఆడుతున్నాడా, లేక ఇది కొత్తగా పట్టిన బోధనాపద్ధతా అన్నది ఇంట్లోవాళ్లు ఇంకా తేల్చుకోలేదు.