పోంకుపై చక్రవడ్డీ

భోజనము సూరత్‌లోను, మరణము కాశిలోను కావలెనని గుజరాతీల సామెత. అది కట్టిన పుణ్యాత్మునకు మా బావమరిదివంటి బంధువు ఉండియుండడు. సూరత్‌లోని అడాజన్‌లో సర్దార్ వంతెన చెంత పోంకు దుకాణములు వెలసినది మొదలు, లేతజొన్న కంకులను నిప్పులలో కాల్చి, గుడ్డలో కట్టి బాది, రాలిన పచ్చని గింజలలో నిమ్మకాయ సేవును చక్కెర గుళికలను కలిపి వారిచ్చు పొట్లమునకై నేను చేయి చాచినప్పుడెల్ల, ఆతడు ఫోను తీసి లెక్కకు దిగుచున్నాడు.

"బావా, ఈ రెండొందలూ పీపీఎఫ్‌లో పడేస్తే పదిహేనేళ్ళకి ఎంతవుతుందో తెలుసా?"

తెలియకేమి! 7.1 శాతము వడ్డీకి సుమారు 560 రూపాయలు. మరి పదునైదేండ్లు ఓపిక పట్టినచో 1,566 రూపాయలు. అయితే ధరలును ఏటా 6 శాతము చొప్పున పెరిగినచో, అప్పటికి ఈ పొట్లమే 1,149 రూపాయలగును. అనగా ముప్పది ఏండ్ల నా ఉపవాసదీక్షకు ఫలము ఒకటింబావు పొట్లమును, పైన నాలుగు గింజలును! అప్పటికి నాకు ఎనుబది దాటును. గింజలు నమలుటకు పళ్ళును, సేవు తినుటకు వైద్యుని అనుమతియు ఉండవలెను. ఇంత గణితము చెప్పిన మహానుభావుడు మాటల నడుమ నా పొట్లములోనివే గుప్పెడు గుప్పెడు నోట వేసికొనుచుండును. ఆ గుప్పెళ్ళకు వడ్డీ కట్టడు.

ఒకటవ తేదీన వచ్చు జీతమునకు ఇంటి అప్పు, బీమా, సిప్ అను మువ్వురును వీధి గుమ్మముకడనే ఎదురేగి తమ పాళ్ళు తీసికొందురు. మిగిలిన చిల్లరకైనను స్వాతంత్ర్యము లేకున్న ఎట్లు?

అయినను పొదుపును పూర్తిగా పరిహసించుటకు నాకు నోరు రాదు. మా నాయనగారు దాచిన సొమ్ము ఆయన తదనంతరము నామినీనగు నా చేతికి వచ్చినది. ఈ ఫ్లాటుకు తొలి వాయిదా దానితోనే కట్టితిని. ఆయన ఏమేమి తినక, ఎక్కడెక్కడికి పోక దానిని మిగిల్చెనో ఆ పాసుపుస్తకములో ఏ పుటయందును వ్రాసిలేదు.

కావున పాఠకులారా, పీపీఎఫ్ సొమ్ము నెల 5వ తేదీలోగా కట్టుడు; ఆ నెల వడ్డీయు దక్కును. పోంకు మాత్రము శీతకాలములోనే తినుడు. ఎండలు ముదిరిన పిమ్మట ఎంత సొమ్ము కూడబెట్టినను అది దొరకదు.