గుడారాధిపతి

క్రిస్మస్ సెలవుకి శని, ఆదివారాలు కలిసొచ్చాయంటే చాలు, మన అపార్టుమెంట్లలో గుడారాధిపతి నిద్రలేస్తాడు. వయసు నలభై దాటి ఉంటుంది. ఏడాది పొడుగునా వంటింట్లో గ్యాసు సిలిండరు ఎప్పుడు మార్చారో ఎరగని ఈ పెద్దమనిషి, ఇంటిల్లిపాదినీ లంబసింగికి తీసుకెళ్లి, అక్కడ గుడారంలో ఉన్నన్నాళ్లూ అందరికీ తానే వండిపెడతానని ప్రకటిస్తాడు. ప్రకటన వెలువడిన వారంలోపే టెంటు, నుదుటికి కట్టుకునే లైటు, గాలిపరుపులు, మడతకుర్చీలు, అరచేతంత స్టవ్వు, సవాలక్ష పనులు చేసే చాకు దిగుతాయి. ఆ సవాలక్షలో ఉల్లిపాయ తరగడం లేదని తర్వాత తేలుతుంది. ఎక్కడో నార్వేలో ఒకడు మంచులో గుడారం వేసుకుని కాఫీ కాచుకునే వీడియోలు రాత్రి ఒంటిగంట దాకా చూస్తాడు గానీ, కొన్న టెంటుని మేడమీద ఒక్కసారి వేసి చూడడు. ప్రయాణం చెడుతుంది. ఆ సంగతిలో ఇంట్లో ఎవరికీ అనుమానం లేదు. ఎందుకు చెడుతుందన్న దగ్గరే పేచీ. వాతావరణం, నాసిరకం సామాను, మాట వినని పిల్లలు అని అతని లెక్క. నా లెక్కలో కారణం ఒక్కటే. గుడారాధిపతి ఎవరినీ ఏదీ అడగడు. అడిగితే ఆధిపత్యం పోతుంది.

దీనికి కావలసినంత సాక్ష్యం లంబసింగిలోనే దొరుకుతుంది. చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న ఊరది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి 0 డిగ్రీల అంచుదాకా వెళ్లిన ఏళ్లున్నాయి. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి కొండవాలు మీది గాలి చల్లబడి, బరువెక్కి, జారి పల్లంలో చేరుతుంది. మెరక మీద పడుకున్నవాడికీ పల్లంలో పడుకున్నవాడికీ ఒక దుప్పటి తేడా. గుడారాధిపతి ఎంచుకునేది మాత్రం పల్లాన్నే. నేల చదునుగా ఉంటుంది, ఫొటోలో వెనక కొండ పడుతుంది. టీకొట్టు ఆవిడ చూసి, "ఆ పల్లంలో ఎయ్యకండి బాబూ, తెల్లారేసరికి కొయ్యబారిపోతారు" అంటుంది. "మేం చూసుకుంటాంలే అమ్మా" అని నవ్వుతాడతను. రాత్రి చలి పెరిగేసరికి గాలి చొరబడే జిప్పులన్నీ బిగించేస్తాడు. లోపలున్న అందరి ఊపిరి తేమా బయటికి పోయే దారిలేక, చల్లటి గుడ్డకి తగిలి నీరై, తెల్లవారుజామున అత్తగారి నుదుటిమీద బొట్టుబొట్టుగా రాలుతుంది. టెంటు కారుతోందని అతని తీర్పు. బయట వాన పడలేదు కదా అల్లుడూ అని ఆవిడ అడగదు, పెద్దరికం అడ్డొస్తుంది.

ఇక స్టవ్వు. అందులో పెట్టే చిన్న డబ్బాల్లో చాలావాటిలో ఉండేది బ్యూటేన్. అది మరిగేదే సుమారు -0.5 డిగ్రీల దగ్గర, అంటే చలి 0కి చేరువవుతున్నకొద్దీ డబ్బాలోని ద్రవం ఆవిరి కావడానికి మొరాయిస్తుంది. మండుతున్నకొద్దీ డబ్బా తనంతట తాను ఇంకా చల్లబడుతుంది కూడా. ఉప్మా కోసం పెట్టిన నీళ్లు గోరువెచ్చన దగ్గర ఆగిపోతాయి, నీలిమంట నంగినంగిగా ఊగి ఆరిపోతుంది. గుడారాధిపతి డబ్బాని చెవి దగ్గర పెట్టుకుని ఊపి, "గ్యాసుంది, చప్పుడవుతోంది" అని సాక్ష్యం చెబుతాడు. మామగారు దాన్ని నెగడు పక్కన పెట్టి వేడిచేద్దామన్నప్పుడు మాత్రం వద్దని లాక్కుంటాడు. ఆ ఒక్క విషయంలో అతన్ని మెచ్చుకోవాలి.

ఇవన్నీ మనకి అలవాటు లేని పనులు, పాపం అతన్నెందుకు అనడం అని కొందరు వెనకేసుకొస్తారు. అలవాటు లేకపోవడమేమిటి? రెండేళ్లకోసారి మాఘమాసంలో ములుగు జిల్లా మేడారంలో సమ్మక్క సారలమ్మల జాతరకి లక్షల మంది వచ్చి, అడవి అంచున, పొలాల్లో గుడారాలు వేసుకుని ఉంటారు. జంపన్నవాగులో స్నానాలు, తల్లులకి బెల్లం, మూడు రాళ్ల పొయ్యి మీద కోడికూర. టార్పాలిన్, చాపలు, గిన్నెలు, బియ్యం మూట, ఇంతే సామాను. దుమ్ము, తొక్కిడి, జనంలో తప్పిపోయే పిల్లలు, అక్కడ తిప్పలకేం కొదవ లేదు. కానీ నీళ్లెక్కడ, కట్టెలెవరమ్ముతున్నారు అని పక్క గుడారాన్ని అడుగుతారు, పక్క గుడారం వాళ్లు ఉప్పు కోసం ఇటు వస్తారు. పెత్తనం సాధారణంగా ముసలమ్మది. తెలియనిది అడగడానికి ఆవిడకి నామోషీ లేదు, అడిగినంత మాత్రాన ఆవిడ పెద్దరికం వీసమెత్తు తగ్గిందీ లేదు.

అతని మనసు మంచిది, పిల్లల చేత ఫోను వదిలించాలనేగా ఈ తాపత్రయం అంటారు. ఒప్పుకుంటాను. సెలవంతా సోఫాలో పడుకునే తండ్రికన్నా ఇతను వెయ్యిరెట్లు మేలు. కాకపోతే ఆ పిల్లలకేం కావాలో కూడా అడగలేదు. చెరువులవేనం కొండమీంచి మబ్బుల సముద్రం చూపించాలని చీకటితోనే లేపుతాడు. పిల్లాడికేమో టీకొట్టు కుక్కపిల్ల దగ్గర్నుంచి కదలాలని లేదు.

భార్య సంగతేమిటి, తెలిసీ ఎందుకు ఊరుకుంటుంది అన్నది వీటన్నిటికన్నా గట్టి ప్రశ్న. చెబితే హైదరాబాదు నుంచి చింతపల్లి దాకా కార్లో వాదన నడుస్తుంది. దానికన్నా ఒక రాత్రి చలి నయమని ఆవిడ ఏనాడో తేల్చుకుంది. దీన్ని అణకువ అనుకునేవాళ్లు డిక్కీలో ఏముందో చూడలేదు. మడతకుర్చీల కింద రెండు బొంతలు, ఒక చాప, డబ్బా నిండా పులిహోర, అగ్గిపెట్టె. సాయంత్రమే ఆవిడ టీ తాగే నెపంతో టీకొట్టుకి వెళ్లి, అవసరమైతే వసారాలో చోటిస్తారా అని అడిగి వచ్చింది కూడా. అందుకే తెల్లవారుజామున గుడారం ఖాళీచేసే వేళకి అక్కడ నెగడు రాజుకుని ఉంటుంది. "ఇక్కడైతే వెచ్చగా ఉంటుందని నేనే తీసుకొచ్చాను" అని గుడారాధిపతి మామగారికి చెబుతాడు. ఆవిడ పులిహోర వడ్డిస్తూ ఖండించదు.

సోమవారం ఆఫీసు క్యాంటీన్లో అతను నిపుణుడు. టెంటెప్పుడూ మెరక మీద వేయాలంటాడు, జిప్పు కొంచెం తెరిచి ఉంచాలంటాడు, బ్యూటేన్ ఎన్ని డిగ్రీల దగ్గర మొరాయిస్తుందో దశాంశంతో సహా చెబుతాడు. మరి ఏం తిన్నారని ఎదుటివాడు అడగడు. వాడి చూపు ఫోనులో ఉంది, అదే స్టవ్వు మీద తగ్గింపు ఎంతిస్తున్నారో చూసుకుంటున్నాడు.