సాసేజీ గోత్రప్రవర

మాంసాన్ని మెత్తగా కొట్టి, అందులో కొవ్వూ ఉప్పూ మసాలా దినుసులూ కలిపి, శుభ్రం చేసిన పేగులో కూరి ముడి వేసిన పదార్థాన్ని సాసేజ్ అంటారు; దాన్ని వేడి చేసి, నిలువునా చీల్చిన పొడవాటి బన్నులో పడుకోబెట్టి, పైన ఆవాల ముద్ద రాసి చేతికిస్తే అది హాట్ డాగ్ అవుతుంది. ఈ నిర్వచనంలో పేగు ఉంది, ముడి ఉంది, బన్ను ఉంది గానీ, ఏ జంతువు మాంసమన్నది మాత్రం లేదు. సాసేజీని చూడగానే లోపలున్నది పందో, గొడ్డో, గొర్రో, కోడో చెప్పగలిగిన మొనగాడు ఇంతవరకు పుట్టలేదు కనుక, ఎవరైనా సరే దాని గోత్రం అడిగి తెలుసుకోవలసిందే. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్న సామెత ఇక్కడ సగమే పనిచేస్తుంది. ఎందుకంటే సాసేజీలో ఏ మాంసం పడాలన్నది చాలా ఊళ్లలో నాలుక తేల్చిన విషయం కాదు, కసాయి సంఘాలూ మతాచారాలూ తేల్చిన విషయం.

ఇందుకు మొదటి సాక్షి జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరం. పూర్వం అక్కడ పంది మాంసం కోసే కసాయిలు వేరు, గొడ్డు మాంసం కోసేవారు వేరు. ఒకరి సరుకులో మరొకరు చెయ్యి పెట్టకూడదన్నది వృత్తిసంఘాల కట్టుబాటు, కాబట్టి ఆ ఊరి సాసేజ్ పూర్తిగా పంది మాంసంతోనే తయారయ్యేది. అక్కడ పని నేర్చుకున్న యోహాన్ గేయోర్గ్ లానర్ అనే కసాయి వియన్నాకు వలసపోయి, అలాంటి అడ్డు అక్కడ లేకపోవడంతో, 1805 ప్రాంతంలో రెండు మాంసాలనూ నిర్భయంగా కలిపేశాడు. ఆ సంకర సంతానానికి వియన్నా వాళ్లు ఫ్రాంక్‌ఫర్టర్ అని పేరు పెట్టగా, జర్మనీ వాళ్లు దాన్నే వియన్నాది అంటారు. అంటే బిడ్డ తమది కాదని రెండు ఊళ్లూ మర్యాదగా తప్పుకున్నాయన్నమాట. ఇది చాలదన్నట్టు, 1894లో మొదలైన ఒక ఫ్రాంక్‌ఫర్ట్ దుకాణం పంది ముట్టని యూదు ఖాతాదారుల కోసం అచ్చంగా గొడ్డు మాంసంతో సాసేజ్ చేసి పేరు తెచ్చుకుంది. ఇన్ని శాఖలు ఒక్క ఊరి చుట్టూనే ఉంటే, ప్రపంచం సంగతి వేరే చెప్పాలా?

అదే దేశంలో మ్యూనిక్ తెల్ల సాసేజీకి లేగదూడ మాంసం, పంది కొవ్వు కావాలి. అది మధ్యాహ్నం పన్నెండు గంటల చర్చి గంట వినకూడదని, అంటే ఆలోగానే తినెయ్యాలని, పాత ఆచారం. శీతల పెట్టెలు లేని రోజుల్లో పచ్చి మాంసంతో చేసిన సరుకు సాయంత్రానికి ఏమవుతుందో తెలిసినవాళ్లు పెట్టిన నియమం అది. న్యూరెంబర్గ్ సాసేజ్ మాత్రం పంది మాంసంతో, ఏడు నుంచి తొమ్మిది సెంటీమీటర్ల పొడవున, చిటికెన వేలంత ఉంటుంది. రాత్రి దుకాణాలు మూసేశాక తలుపు తాళపు కన్నంలోంచి అమ్మడానికే అంత సన్నగా చేశారని ఆ ఊరివాళ్లు చెబుతారు. ఇది నిజమో కాదో గానీ, ఆకలి వేసినవాడికి నమ్మబుద్ధి వేసే కథ.

అమెరికా చేరాక ఈ వంశవృక్షం మరో మలుపు తిరిగింది. న్యూయార్క్ నగరంలో కోషర్ నియమం, అంటే యూదులు ఏది తినవచ్చో ఏది తినరాదో చెప్పే మతశాసనం, పంది మాంసాన్ని పక్కకు నెట్టి హాట్ డాగ్‌ను పూర్తిగా గొడ్డు మాంసం మయం చేసింది. పోలండ్ నుంచి వచ్చిన నేథన్ హ్యాండ్‌వర్కర్ 1916లో కోనీ ఐలాండ్ సముద్రతీరంలో అంగడి తెరిచి, పొరుగున పది సెంట్లకు అమ్ముతున్న సరుకును ఐదు సెంట్లకే ఇవ్వసాగాడు. అయితే చవకగా దొరికే మాంసం మీద జనానికి సహజంగానే అనుమానం కలుగుతుంది. దాన్ని పోగొట్టడానికి ఆయన కొందరికి తెల్ల కోట్లు తొడిగి అంగడి ముందు నిలబెట్టి తినిపించాడని, వైద్యులే తింటుంటే మనకేం భయమని జనం ఎగబడ్డారని చెప్పుకుంటారు. చికాగోలోనూ గొడ్డు మాంసానిదే రాజ్యం. 1893 నాటి ప్రపంచ ప్రదర్శనలో వియన్నా పేరుతో సాసేజీలు అమ్మిన వలసదారుల సంస్థ అక్కడ ఇప్పటికీ నడుస్తోంది. ఆ ఊళ్లో హాట్ డాగ్ మీద టమాటా ముక్కలు పెట్టవచ్చు గానీ టమాటా కెచప్ పోయడం మహాపరాధం. ఈ శాస్త్రానికి భాష్యం ఎక్కడా దొరకదు.

సాసేజ్ చరిత్రలో అన్నిటికన్నా తెలివైన ఘట్టం పోర్చుగల్‌ది. 1497లో అక్కడి రాజు యూదులను బలవంతంగా క్రైస్తవంలోకి మార్పించాక, ఎవరింట్లో పొగగూటికి పంది సాసేజీలు వేలాడడం లేదో వాళ్లమీద అనుమానపు చూపు పడేది. అందుకని పాత ఆచారం వదలలేని కుటుంబాలు కోడి, వేట పక్షుల మాంసంలో రొట్టె, వెల్లుల్లి కలిపి పేగులో కూరి, పంది సాసేజీల్లాగే దండలు కట్టి వేలాడదీశాయని, అల్యేరా అనే సాసేజ్ అలా పుట్టిందని సంప్రదాయ కథనం. రొట్టె నిండిన ఆ సాసేజ్ ఆ ఇంటివాళ్ల ప్రాణాలకు కాపు కాసిందన్నమాట. ఇప్పుడు మిరాండెలా పట్టణపు ప్రసిద్ధ అల్యేరాలో పంది మాంసం కూడా వేస్తున్నారు. కథ పాతబడి, రుచి మిగిలింది.

ఐస్‌లాండ్‌లో చాలాకాలం మనుషులకన్నా గొర్రెలే ఎక్కువ కనుక అక్కడి హాట్ డాగ్‌లో ప్రధానమైనది గొర్రె మాంసం; రేక్యావిక్ రేవు దగ్గర ఉన్న, 1937లో మొదలైన బండి వద్ద 2004లో అమెరికా మాజీ అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఒట్టి ఆవాల ముద్దతో తిన్నాక ఆ వడ్డనకు ఆయన పేరే స్థిరపడింది. బ్రిటన్ చట్టం పంది సాసేజ్ అని పేరు పెట్టుకోవాలంటే నూటికి 42 వంతులు పంది మాంసం ఉంటే చాలంటుంది, దక్షిణాఫ్రికా చట్టం బూర్వర్స్ అనే అక్కడి సాసేజ్‌లో 90 వంతులు మాంసం ఉండితీరాలంటుంది. నిజాయితీ మాటకొస్తే దక్షిణాఫ్రికాకే పెద్దపీట వేయాలి.

మన దేశంలో పోర్చుగీసు వారి పుణ్యమా అని గోవాకు ఎండుమిరప, వెనిగర్ దట్టించిన పంది సాసేజ్ దక్కింది. ఇండోర్ వాళ్లు మాత్రం గుండ్రటి బన్నులో మటన్ టిక్కీ గానీ, ఆలుగడ్డ టిక్కీ గానీ పెట్టి దానికే హాట్ డాగ్ అని పేరు పెట్టుకున్నారు. పేగు గొడవే లేదు. హైదరాబాద్ సూపర్ మార్కెట్లలో చికెన్ సాసేజీలే ఎక్కువగా కనిపించడానికి కారణం, అన్ని వంటిళ్లలోకీ పెద్ద పంచాయితీ లేకుండా ప్రవేశించగలిగిన మాంసం కోడిదే కావడం. అమెరికాలో ఉండే తెలుగువారికి మాత్రం ఆ సౌకర్యం లేదు. పెద్దకూర ముట్టనివారు న్యూయార్క్ బండి దగ్గర ఆగారంటే చేతికి వచ్చేది చాలావరకు అదే. దుకాణంలో కొన్నా, చికెన్ అని ప్యాకెట్ మీద పెద్ద అక్షరాల్లో ఉన్నంత మాత్రాన పని తీరదు, ఎందుకంటే లోపలి మాంసం కోడిదైనా పైతొడుగు పంది పేగు కావచ్చు. అలా వేరే జంతువు పేగు వాడితే ఆ సంగతి ప్యాకెట్ మీద చెప్పాలని అక్కడి నిబంధన. కాబట్టి పట్టింపు ఉన్నవారు ముందు వైపు బొమ్మ చూసి మురిసిపోకుండా, ప్యాకెట్ తిప్పి చిన్న అక్షరాలు చివరిదాకా చదివి కొనుక్కోవాలి.