నేరం ఈస్ట్‌దేనట!

బెజవాడలో దేన్నయినా పులియబెట్టడం ఒక విద్య కాదు. పులియకుండా ఆపడమే విద్య. మే నెలలో రాత్రి రుబ్బి మూతపెట్టిన ఇడ్లీ పిండి తెల్లారేసరికి గిన్నె దాటి గట్టెక్కి కూర్చుంటుంది. మధ్యాహ్నం మిగిలిన పప్పుచారు దీపాలవేళకి బుడగలేస్తుంది. అలాంటి ఊళ్లో ఇంట్లో వైన్ పెట్టబోయిన ప్రతి పెద్దమనిషిదీ ఒకటే ఫిర్యాదు: “ఈస్ట్ పనిచెయ్యలేదండీ.”

ఈస్ట్‌కి నోరు లేదు కాబట్టి సరిపోయింది.

ఈ సరదా 2020 వేసవిలో మనవాళ్లకి గట్టిగా అంటుకుంది. మార్చి ఆఖర్లో లాక్‌డౌన్‌తో మందు షాపులు మూతపడ్డాయి. మే 4న తలుపులు తెరిచి ధర 25 శాతం పెంచారు, మర్నాడు ఇంకో 50 వడ్డించారు. అప్పుడు ఫోన్‌లో చూసిన వీడియోలో ఎవరో చెప్పిన మాట చెవికి అమృతంలా సోకింది: కిలో ద్రాక్ష, కిలో పంచదార, చెంచాడు బేకరీ ఈస్ట్, మూడు వారాలు. లైసెన్సు లేకుండా మత్తు పానీయం ఏది చేసినా 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద నేరమన్న సంగతి ఆ వీడియోలో లేదు. పోనీండి, మన పెద్దమనిషి విషయంలో చట్టం భయపడాల్సిందేమీ లేదు. ఎందుకో చూడండి.

ముందు ద్రాక్షని పంచదారతో కలిపి కుతకుతా ఉడికిస్తాడు. శుభ్రత కోసమట. పొగలు కక్కుతుండగానే ఈస్ట్ చల్లుతాడు. అది ప్రాణమున్న కణమని 1860 ప్రాంతంలోనే పాశ్చర్ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడు. 50 డిగ్రీలు దాటిన రసంలో ఆ ప్రాణం నిలవదు. ఇదే మనిషి ఇంట్లో పాలు గోరువెచ్చన కాకముందే తోడు వేస్తే ఊరుకోడు, వేలు ముంచి మరీ చూస్తాడు. ద్రాక్షరసం దగ్గరికొచ్చేసరికి ఆ వేలు ఎటు పోతుందో తెలీదు.

తర్వాత మూత బిగిస్తాడు, గాలి కూడా చొరకుండా. పులిసేటప్పుడు చక్కెరలో సగానికి సగం ఆల్కహాలైతే, మిగతా సగం గాలిగా బయటికి రావాలి. దానికి దారి లేకపోతే సీసానే దారి ఇస్తుంది. అటక మీద పేలిందంటే గోడకి సున్నం ఖర్చు అదనం.

ఇక అసలు ఘట్టం రగ్గుది. సీసాలో కదలిక లేదని షికాగోలో ఉన్న బావమరిదికి ఫోన్ చేస్తాడు. బావమరిది అనుభవజ్ఞుడు. 1978లో కార్టర్ సంతకం పెట్టిన చట్టం పుణ్యాన అమెరికాలో ఇంటికి సరిపడా బీరు ఇంట్లోనే చేసుకోవచ్చు. “చలికి ముడుచుకుపోయుంటుంది బావా, దుప్పటి కప్పు” అంటాడాయన. ఆయన సీసా ఉన్నది నేలమాళిగలో. అక్కడ చలికాలంలో 15 డిగ్రీలుంటే గొప్ప. ఆయన మాట ఆయన ఊరికి అక్షరసత్యం. మన పెద్దమనిషి సీసా ఉన్నది పటమటలో, పై అంతస్తు స్లాబు కింద, రోహిణి కార్తెలో. వైన్ ఈస్ట్‌కి హాయిగా ఉండేది 20, 25 డిగ్రీల దగ్గర. 35 దాటితే నీరసం, 40 దాటితే చేతులెత్తేస్తుంది. అటక మీద మనిషే అరగంట నిలవలేడు. అయినా చలేస్తోందేమోనని దానికి రగ్గు కప్పి, తను మాత్రం కింద ఏసీ వేసుకుని పడుకుంటాడు.

మర్నాటి నుంచి బుడగల పంచాంగం మొదలు. మూత పేలకుండా ఎవరో చెప్పగా సీసా మూతికి బెలూన్ తొడుగుతాడు. అది ఉబ్బితే శుభం, ఉబ్బకపోతే అశుభం. మొదటి ఒకటి రెండు రోజులు ఈస్ట్ సంఖ్య పెరుగుతుంటుంది, పైకి ఏమీ కనపడదు, అందాకా ఆగే ఓపిక లేదు. బెలూన్‌కి పక్కన సన్నంగా గాలి పోతుంటే లోపల రసం భేషుగ్గా పులుస్తున్నా అది ఉబ్బదన్న అనుమానం రాదు. చక్కెర తగ్గుతోందో లేదో చూపే హైడ్రోమీటర్ కొన్ని వందల రూపాయలకి వస్తుంది. కొనడు. దానికి బదులు ఇంకో ప్యాకెట్ ఈస్ట్ వేస్తాడు, అదే వేడిలోకి. అదీ కదలకపోతే పాపం ఆకలేస్తోందని ఇంకో అరకిలో పంచదార పోస్తాడు. పాకం చిక్కనయ్యేకొద్దీ కణంలోని నీటిని అదే లాగేస్తుంది. మురబ్బా పాడవకుండా ఉండేదీ ఆ కారణానే. అంటే ఇప్పుడాయన చేస్తున్నది వైన్ కాదు, నిలవ పచ్చడి.

యూరియా వెయ్యమనే సలహాదారు కూడా ఈపాటికి తయారవుతాడు. బెల్లం ఊట పెట్టే నాటుసారా వాళ్లు వేస్తారని ఆయన సాక్ష్యం. ఈస్ట్‌కి నత్రజని కావాలన్న మాట నిజమే, బెల్లంలో అది తక్కువన్నదీ నిజమే. ద్రాక్షలో మాత్రం మామూలుగా దానికి సరిపడా ఉంటుంది. ఎరువుల బస్తా వరి చేలో చల్లడానికి, మనిషి కడుపులోకి కాదు.

ఇదంతా జరుగుతున్న ఊరికి కూతవేటు దూరంలో తాటిచెట్లున్నాయి. రాత్రంతా లొట్టిలోకి చుక్క చుక్కగా దిగిన రసంలో ఎవరూ ప్యాకెట్ చింపి వెయ్యరు. గాల్లో ఉన్న ఈస్ట్, నిన్నటి లొట్టికి అంటుకున్న ఈస్ట్ చాలు. పొద్దున గీత కార్మికుడు దించేసరికే నురగ, మధ్యాహ్నానికి పులుపు, మర్నాటికి వెనిగర్ దారి. తియ్యటి నీరా కావాలంటే లొట్టి లోపల సున్నం పూసి ఆ పులుపుని ఆపాలి. చెట్టెక్కే మనిషి బాధ పులుపు ఆగడం లేదని, అపార్ట్‌మెంట్ మనిషి బాధ మొదలవడం లేదని. వీళ్లిద్దర్నీ ఒకసారి ఎదురెదురుగా కూర్చోబెడితే బాగుండు. కానీ మనవాడికి మోకు కట్టుకున్నవాడి మాట శాస్త్రం కాదు, షికాగో నుంచి వచ్చిందైతేనే శాస్త్రం.

జూన్‌లో సీసా తెరిచారు. మత్తు లేదు, వైన్ వాసనా లేదు. పైన తెల్లటి పొర, చుట్టూ ముసిరిన చిన్న ఈగలు. విచారణ జరిపి నేరం ఈస్ట్ కంపెనీ మీదా, కొంత ద్రాక్ష మీదా మోపారు. వచ్చే వేసవికి కంపెనీ మార్చి, నూజివీడు రసాలతో పెడతారట. రగ్గు అప్పుడే ఉతికి ఆరేశారు.