గొలుసు పట్టు కొలువు

మహాప్రస్థానవేళ వెంట నడచివచ్చిన శునకమును విడిచి ఇంద్రరథ మెక్కనొల్లని ధర్మరాజు నేడు జూబ్లీహిల్స్‌లో కాపురముండినచో, ఆ శునకమును నెలజీతపు కుర్రవాని కప్పగించి, తాను ఏసీ గదిలో ట్రెడ్‌మిల్‌పై ఒంటరిగా స్వర్గారోహణము సాగించియుండును.

హిమసీమల హస్కీని హైదరాబాదు ఎండలకు రప్పించిన యజమాని, 2018లో నగరపాలకులు కొండాపూర్‌లో నెలకొల్పిన శునకోద్యానమునకైనను దానిని స్వయముగ తీసికొనిపోడు. కుర్రవాడు గొలుసు పట్టగా అది నాలుక వ్రేలాడవేసి ప్రతి కరెంటు స్తంభమును విచారించుచు సాగును, అది కాలెత్తిన ఫొటోను వాట్సాప్‌లో చూచి అయ్యగారు పరమానందభరితు లగుదురు. (పెంట యెత్తు సంచి విషయమున మాత్రము ఇరువురును మౌనవ్రతులే.) ఇంటికి కావలియని కుక్కను తెచ్చుకొన్న ఈ పెద్దమనిషి, ఊరికి పోవునపుడెల్ల ఆ కుక్కకు కావలిగా మనిషిని కుదుర్చుకొని, తాళపుచెవులు వాని చేతికే యిచ్చి పోవుచున్నాడు.