జ్వరం పైవాడికి, కషాయం కిందివాడికి

శుక్రవారం పొద్దున్నే మాదాపూర్‌లో ఉద్యోగుల్ని బస్సెక్కించి మొయినాబాద్ వైపు ఏదో రిసార్టుకి తోలుకుపోతారు. గేటు దగ్గరే ఫ్లెక్సీ: 'మనది నిత్యం నేర్చుకునే సంస్థ!' మెడలో ట్యాగు, చేతిలో మజ్జిగ గ్లాసు, ఎదురుగా స్లైడు మీద మేనేజ్‌మెంట్ గురువు పీటర్ సెంగే. 1990లో 'ది ఫిఫ్త్ డిసిప్లిన్' రాసి, ముక్కముక్కలు పట్టుకుని వేలాడొద్దు, మొత్తం అమరికను చూడమన్నాడాయన. పాపం, ఆయన తప్పేం లేదు. మన దగ్గరికొచ్చేసరికి ఆ పుస్తకం రెండు రోజుల ప్యాకేజీ అయింది, లంచ్‌తో సహా.

మధ్యాహ్నం బీర్ గేమ్. (ఆశపడకండి, బల్ల మీద ఉండేవి కాగితాలూ బిళ్ళలే.) ఎంఐటీలో పుట్టిన ఆట. నలుగురు వరసగా కూర్చుంటారు: చిల్లర కొట్టు, హోల్‌సేలర్, డిస్ట్రిబ్యూటర్, ఫ్యాక్టరీ. మాట్లాడుకోకూడదు, ఆర్డరు చీటీ పక్కకి జరపడమే. వారానికి 4 కేసులు కొనే జనం 5వ వారం నుంచి 8 కొంటారు. ఇక చివరిదాకా 8 మాత్రమే. సరుకు చేరడానికి వారాలు పడుతుంది కదా, కొట్టువాడు కంగారుపడి 12 అడుగుతాడు. హోల్‌సేలర్ 20 రాస్తాడు. ఫ్యాక్టరీకి చేరేసరికి 40 దాటినా ఆశ్చర్యం లేదు. ఇంకొన్నాళ్ళకి గోడౌన్ నిండా అమ్ముడుపోని బీరు, హాలు నిండా తిట్లు. అప్పుడు ట్రైనర్ చల్లగా గుట్టు విప్పుతాడు: జనం మారింది ఒక్కసారే, మిగతా గోలంతా అమరిక తెచ్చిపెట్టింది, ఎవరినీ తప్పుపట్టకండి. చప్పట్లే చప్పట్లు. ముగింపు సభకి కార్లో దిగిన వీపీగారు కూడా తెగ కొడతారు.

సోమవారం పదింటికి ఆయన మెయిల్: డెలివరీ లేటైంది, సాయంత్రం ఐదులోపు బాధ్యుడి పేరు పంపండి. జతగా ఎక్సెల్ షీటు. అందులో బాధ్యుడికి ఒక కాలమ్ ఉంది. అమరికకి లేదు.

టయోటా కథ కూడా చెబుతారు. అక్కడ లైన్లో నిలబడ్డ కార్మికుడు లోపం కనబడితే తాడు లాగుతాడు, టీమ్ లీడర్ పరుగెత్తుకొస్తాడు, అప్పటికీ సరికాకపోతే లైనే ఆగిపోతుంది. ఈ కథంటే మనవాళ్ళకి ప్రాణం. తాడు మాత్రం కట్టరు. సలహాల పెట్టె పెడతారు, దాని తాళం హెచ్ఆర్ దగ్గరుంటుంది. నోటితోనే తాడు లాగే సాహసికి అప్రైజల్‌లో 'యాటిట్యూడ్' దగ్గర ఒక మార్కు కోత.

కిందివాళ్ళకి నేర్చుకోవడం రాదన్నదే ఈ తంతు వెనకున్న నమ్మకం. నాసా షటిళ్ళ మీద పనిచేసిన ఇంజినీర్లకి రాకనా? 1986లో చాలెంజర్ ఎగిరే ముందు రాత్రి, ఈ చలికి బూస్టర్ల ఓ-రింగులు ఆగవని ఆ బూస్టర్లు తయారుచేసిన కంపెనీ ఇంజినీర్లు కొందరు మొత్తుకున్నారు. వినలేదు, మర్నాడు అది గాల్లోనే ముక్కలైంది. 2003లో కొలంబియా రెక్కకి ఫోమ్ ముక్క తగిలితే, కక్ష్యలో ఉండగానే ఫొటోలు తీయించమని నాసా ఇంజినీర్లు అడిగారు. పైవాళ్ళు అక్కర్లేదన్నారు. ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురు పోయారు. ఫోమ్ ఎంత కారణమో సంస్థ సంస్కృతి కూడా అంతే కారణమని విచారణ బోర్డు రాసింది. మధ్యలో గడిచింది పదిహేడేళ్ళు.

చెడ్డ కబురు వినడం ఎలాగో వీపీగారికి నేర్పే రిసార్టు ఎక్కడైనా ఉంటే చెప్పండి, బస్సు ఖర్చు మనమే చందాలేసుకుందాం. ఈలోగా ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఐదుకి ఐదు వేసెయ్యండి. అప్రైజల్ వచ్చే నెలే.