అతుకుల బొంత పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది):

చింకి గుడ్డలన్ని చిక్కగాఁ బరచుచు
నడుగు పాతచీర యమరఁ జేసి
సూదిదార మొకటి చుట్టుచుట్టుఁ దిరుగఁ
జలికి బొంత యౌను, చదువు లేల?

అవతారిక: పాతబట్టల మూటలు బీరువా తలుపును మూసుకోనివ్వని దశలో ఈ పద్యం అవతరించింది. బొంత కుట్టడం నేర్వదలచినవారి కోసం కవి మూడున్నర పాదాల్లో శాస్త్రమంతా చెప్పి, చివరి రెండు మాటల్లో ఆ శాస్త్రమే అక్కర్లేదన్నాడు. ఈ విరోధాన్ని పరిహరించడమే వ్యాఖ్య ప్రయోజనం.

ప్రతిపదార్థం: చింకి గుడ్డలు అన్ని = చిరిగినవీ మిగిలినవీ అయిన వస్త్రఖండాలన్నిటినీ; చిక్కగాన్ = సందు లేకుండా; పరచుచున్ = పేరుస్తూ; అడుగు = కిందిభాగాన; పాతచీర = కట్టి విడిచిన నూలుచీరను; అమరన్ చేసి = ముడతలు లేకుండా కుదిర్చి; సూదిదారము ఒకటి = దారమెక్కించిన సూది; చుట్టుచుట్టున్ తిరుగన్ = అంచు వెంబడి ప్రదక్షిణంగా సాగగా; చలికి = చలి పోవడానికి (చలి కలగడానికి అని కాదు); బొంత ఔను = బొంత అవుతుంది; చదువులు ఏల = శిక్షణ ఎందుకు?

వ్యాఖ్య: “అన్ని” అన్న మాటను యథాతథంగా తీసుకోరాదు. దర్జీ బల్ల కింద రాలినదంతా బొంతకు పనికిరాదు. నూలుది ఉత్తమం, పాలిస్టరు అధమం, ఏలనంటే అది చెమట పీల్చదు, ఇస్త్రీపెట్టె వేడికి కరుగుతుంది. కొత్త నూలుగుడ్డను ముందే ఉతికి ఆరబెట్టాలి. లేకపోతే బొంత మొదటి ఉతుకులో కొత్తముక్క కుంచించుకుపోయి పక్కముక్కను లాగుతుంది. పాతచీర ఆ పనిని ఎప్పుడో ముగించుకుని వచ్చింది కాబట్టే కవి “పాత” అన్న విశేషణం వేశాడు. ఎర్రగుడ్డ విషయంలో మాత్రం పాతదైనా నమ్మకూడదు. తడి తెల్లగుడ్డతో రుద్ది, రంగు అంటలేదని తేల్చుకున్నాకే పెట్టాలి.

“పరచుచు” ముందు, “అడుగు” తర్వాత రావడం చూసి, ముక్కలు పరిచాక చీర వెయ్యాలని కొందరు భ్రమపడతారు. పాఠక్రమం కంటే అర్థక్రమమే బలీయమని మీమాంసకులు ఏనాడో తేల్చారు: అగ్నిహోత్రం చెయ్యాలనీ, గంజి వండాలనీ ఆ వరసలో ఉన్నా, హోమం ఆ గంజితోనే గనుక వండటమే ముందు. కనుక చీరే ముందు. రెండు మూడు పొరలుగా మడిచి నేలమీద పరచి, నాలుగువైపులా బరువులు పెట్టి, కచ్చా కుట్టుతో పొరలను కలిపి నిలపాలి. “అమర” అన్న మూడక్షరాల్లో ఇంత పని ఉంది. దీన్ని దాటవేసినవారికి బొంత మధ్యలో ఉబ్బు తేలుతుంది. తర్వాత అది ఏ కుట్టుకూ లొంగదు.

“చిక్కగా” అన్నచోట “చక్కగా” అని పాఠాంతరం. చింకికీ చక్కకూ యతి చెల్లదు గనుక అది అగ్రాహ్యం. కుట్టేవారికీ అగ్రాహ్యమే. చక్కగా పక్కపక్కన పెట్టిన ముక్కల మధ్య సందు మిగులుతుంది, సందులోంచి పోగు ఊడుతుంది. చిక్కగా అంటే ఇంటికప్పు మీది పెంకుల్లా ఒకదాని అంచు మీదికి మరొకటి రావాలి. కనిపించే అంచును లోపలికి మడవాలి, మడవని అంచును పైముక్క కప్పాలి.

ఈ పదంలో శ్లేష కూడా ఉంది. చిక్కన అంటే ముదురు రంగనీ అర్థమే. గుడ్డముక్కలతో బొమ్మ కూర్చేవారికి ఈ రెండో అర్థమే ప్రధానం. చేప బొమ్మకు చేప రంగు గుడ్డ దొరకాలన్న నియమం లేదు. వెలుగు పడేచోట లేతవి, నీడ పడేచోట ముదురువి పడితే పూలచీరల ముక్కలతోనూ చేప కనిపిస్తుంది. అనుమానమొస్తే కళ్ళు సగం మూసి చూడాలి, లేదా ఫోనులో నలుపు తెలుపు ఫొటో తియ్యాలి. అమెరికాలో సూసన్ కార్ల్‌సన్ అనే కళాకారిణి ఈ పద్ధతిలోనే 20 అడుగులకు మించిన మొసలిని కూర్చింది. అక్కడివారు అడుగుగుడ్డ మీద బొమ్మ గీసుకుంటారు. ముక్కలను జిగురుతో నిలిపి, కొందరు పైన సన్నని వలగుడ్డ కప్పి, మెషిన్ పళ్ళు దించి, గుడ్డను చేత్తో ఇష్టమైన దిక్కుకు తిప్పుతూ కుడతారు. జిగురు చుక్కలుగానే పడాలి. పూసినచోట సూది మొరాయిస్తుంది.

“ఒకటి” అన్నది జాత్యేకవచనం. ఒకే దారంతో బొంత ముగియదు. మూరన్నర దాటిన దారం చిక్కుపడుతుంది. “వేలితొడుగుతో” అన్న మాటను అధ్యాహారం చేసుకోవాలి. నాలుగు పొరల్లోంచి సూదిని నెట్టిన వేలికి దీని ఔచిత్యం తెలుస్తుంది.

“చుట్టుచుట్టు” అన్న ప్రయోగాన్ని బట్టి కవి ఉత్తర కన్నడ జిల్లా సిద్దీల బొంత కవందిని చూసే ఉండాలి. ఆఫ్రికా నుంచి వచ్చినవారి సంతతి అయిన సిద్దీ స్త్రీలు పాతచీర అంచు దగ్గర మొదలుపెట్టి, ముక్క మీద ముక్క వేస్తూ, సాదా కుట్టుతో చుట్లు చుట్లుగా లోపలికి వస్తారు. కుట్టు నడిమికి చేరినప్పుడు బొంత ముగుస్తుంది. ముందు పేర్చి, తర్వాత కుట్టడమన్న రెండు పనులు అక్కడ లేవు. పేర్పూ కుట్టూ ఒకటే. బెంగాలు బొంత కాంథాలోనూ ఇదే సాదా కుట్టు. దానికి దారం పాతచీరల అంచుల్లోంచే లాగేవారు. కవి దారం గురించి ఇంతకంటే చెప్పకపోవడానికి అది విడిగా కొననక్కర్లేని వస్తువు కావడమే కారణమని ఒక మతం.

తాత్పర్యం: గుడ్డలు పారెయ్యవద్దు.

ఆక్షేపం: ఇంత నేర్పు కావలసినచోట “చదువు లేల” అనడం ఎలా పొసగుతుంది? సమాధానం: ఇక్కడ చదువంటే పుస్తకజ్ఞానం మాత్రమే, చేతి చదువును కవి కాదనలేదు. కొందరు ఉదాహరణగా జార్జియా రాష్ట్రపు హ్యారియట్ పవర్స్‌ను చూపుతారు. బానిసగా పుట్టిన ఆమె కుట్టిన బైబిల్ బొంత 1886లో అక్కడి ఏథెన్స్ పత్తి ప్రదర్శనలో కనిపించింది. 1891లో 5 డాలర్లకు అమ్ముడుపోయి, ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. అయితే ఆమెకు అక్షరజ్ఞానం లేదన్న మాట చాలాకాలం చెల్లినా, తర్వాత ఆమె ఉత్తరం బయటపడి చదువుకున్నదని తేలింది. కాబట్టి ఈ ఉదాహరణ ఆక్షేపించినవారికే బలమిస్తుంది. ఆఖరి ప్రశ్నను కవి చమత్కారంగా వదిలెయ్యడమే మేలు.

విశేషం: పద్యంలో మూలల ప్రసక్తి లేదు. సిద్దీలు నాలుగు మూలలా చిన్నగుడ్డలను మడిచి, దొంతరగా పేర్చి “ఫూలా” కుడతారు. అవి లేని కవంది వారి దృష్టిలో బోడిది. కనుక ఇది న్యూనపదదోషం. ఆటవెలదికి ఐదో పాదం లేదని కవి పక్షపాతులు సమర్థిస్తారు గాని, “చదువు లేల” తీసేస్తే మూలలకు చోటు దొరికేది.